రాత్రి ఎన్నింటికి మొదలైతది

కాజీపేట స్టేషన్ బయట, ట్యాక్సీ అడ్డా మీద
రేట్ల బోర్డు రాయాలె రమ్మని కబురొచ్చింది.
నాలుగడుగుల రేకు. నల్లరంగు మీద పసుపు అక్షరాలు.
పన్నెండు వందలంటే బ్యారం ఆడకుండ ఒప్పుకున్నరు.
బ్యారంతోనే బతికేటోళ్లు
నా దగ్గర ఎందుకు ఆడలేదో నాకు సమజ్ కాలే.

మొదటి వరుస అలకగనే అయింది:
హన్మకొండ చౌరస్తా, నూట ఎనభై.
సున్న ఇంక ఆరనే లేదు,
మొగిలి అడ్డమొచ్చిండు.
"ఫాతిమానగర్ బ్రిడ్జి కాడ ఆగుడు లెక్కల కట్టినవా?
ఆడ చక్రం తిరగదు,
డీజిల్ మాత్రం ఆగదు."

యాకూబ్ ఫోన్ తీసి నా ముక్కు కింద పెట్టిండు.
ఎక్కినాయన కట్టింది మూడు వందల ఇరవై,
ఈయన చేతిలవడ్డది రెండు వందల ముప్పై.
"నడుమల తొంభై రూపాయలాయన
ఏడ ఎక్కిండో, ఏడ దిగిండో
అద్దంల చూసుకుంటనే నడిపిన గని
నాకు కనవడలే అన్నా."

నేను కుంచె కడుక్కున్న.
చాయ్ వచ్చింది. చాయ్ అయిపోయింది.
మూడో వరుసల "రాత్రి సగం ఎక్కువ" అని రాస్తుంటే
ఎనుక నుంచి ఒక గొంతు:
"రాత్రంటే ఎన్నింటికి తమ్మీ?"

ఎలిశమ్మ. పెద్ద దవాఖానల నర్సు.
ప్యాసింజర్ బండి దిగి వచ్చింది,
భుజానికి సంచి, సంచిల తెల్లకోటు, టిఫిన్ డబ్బ.
పదింటికని మొగిలి, తొమ్మిదిన్నరకని ఇంకొకాయన,
చలికాలం తొమ్మిదికే అని ఎవరో.
"నా డ్యూటీ ఎనిమిదింటికి ఎక్కుతది," అన్నది ఆమె,
"నాకు రాత్రి గప్పుడే. మరి నాకెవలు సగం ఎక్కువియ్యరు."

మొన్న ఆషాఢంల వాన దంచిన రోజు
పెట్రోల్ బంకు లైటు కింద నిలవడ్డదట.
ముగ్గురు వస్తమన్నరు, ముగ్గురు రాలే.
"ఆఖరాయన కారు బొమ్మ నా ఫోన్ల
సుబేదారి దాక వచ్చింది, ఆగింది,
చిన్నగ ఎనుకకు మలిగింది.
ఓ బాబూ అని ఆ బొమ్మను పిలిచిన.
పిచ్చిదాన్ని."

ఎవ్వలు మాట్లాడలే.
ఇంజన్ లేని బోగీలు ఎక్కన్నో ఒకదానికొకటి తాకిన చప్పుడు.

"ఆ రోజు నేనే గావచ్చు," అన్నడు మొగిలి.
"యాదికి లేదు. పొద్దుగాల నాలుగింటి నుంచి సీట్లనే ఉన్న.
ఈ అడ్డాల ఒంటికి పోనీకి గుడ జాగ లేదు అక్కా.
ఎంత ఆపుకోవాలె?
వస్తనే అనుకున్న. మల్ల ఒత్తిన."

నిజంగ ఆయనేనో కాదో.
ఆమె గుడ అడగలే.
నా దిక్కు తిరిగి
"బోర్డు మీద దాన్ని గుడ రాయి,
ఈడ పాయిఖాన కట్టాలని" అన్నది.
రేట్ల బోర్డు మీద అడుగుడు రాస్తరా?
రాసిన. ఎర్రరంగుతోని, కింద మూలకు.

అటెన్క గంటసేపు లొల్లి.
బ్రిడ్జికి పది కలిపిన్రు, చౌరస్తా నూట తొంభై అయింది.
ఎక్కినంక రేటు మార్చొద్దన్నది ఎలిశమ్మ.
దిగేటప్పుడు చిల్లర లేదనొద్దన్నడు యాకూబ్.
రెండూ రాసిన. రేకు నిండొచ్చింది.
మిగిలిన జానెడు జాగల
అందరు ఒప్పుకున్న మాట ఒకటి, వాళ్లు చెప్పినట్టే:

దవాఖాన డ్యూటీ వాళ్లకు రాత్రి లేదు.

దూరం పోయి చూసుకున్న. అక్షరం వంకర పోలే.
ఎలిశమ్మ రెండుసార్లు చదివింది,
నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
"నిజమే రాసినవ్," అనుకుంట
యాకూబ్ కారెక్కింది.
ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ.

డబ్బాలు సర్దుకునేసరికి మొగిలి డోర్ తీసి
"కొత్తవాడే గద, కూసో" అన్నడు.
కూసున్న గని నిచ్చెన వట్టలే.
సగం లోపట, సగం కిటికీల నుంచి బయటికి,
దాని కొసకు నా ఎర్రగుడ్డ కట్టిన.

బోర్డు దిక్కు చూసిండు. నేను గుడ చూసిన.
నిచ్చెనకు రేటు రాయలే.

"ఎంతిస్తవ్?" అన్నడు.
"ఎంతంటవ్?" అన్న.